చర్చిలో కులం గోడ తీయాలంటే ఎక్కడ చెయ్యి వేయాలి: వైజాగ్ సంఘాల వాళ్లకి

ముందే చెప్పేస్తున్నా, "క్రీస్తులో అందరం ఒక్కటే" అని ఇంకో ప్రసంగం పెట్టించే ఆలోచనలో ఉంటే ఇది మీకు పెద్దగా పనికిరాదు. ఆ ప్రసంగం మన చర్చిల్లో ఏటా వింటూనే ఉన్నాం, ఆ మాట ఉన్న గలతీ 3:28 సండే స్కూల్ పిల్లలకి కూడా కంఠతా వచ్చు, అయినా ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకునే దగ్గర చూడండి ఎవరి గుంపు వాళ్లదే. నాకు అర్థమైంది ఏంటంటే గోడ ఉండేది నాలుగు చోట్ల: వంట గిన్నెల దగ్గర, చెక్కు మీద సంతకం దగ్గర, పెళ్లి సంబంధం దగ్గర, సమాధుల తోట దగ్గర. ఆ నాలుగు చోట్లా ఏమీ కదపకుండా పుల్పిట్ మీద నుంచి ఎంత గట్టిగా అరిచినా మైకు వాడి జీతం దండగ.

ఇదంతా ఒక్క సంఘం గురించి రాసింది కాదు, వన్‌టౌన్ నుంచి గాజువాక, మధురవాడ దాకా ఎవరిని కదిపినా ఇలాంటి కథలే కాబట్టి ఎవరూ "మా చర్చి గురించే రాశారు" అనుకోకండి, అనుకుంటే మాత్రం కాస్త ఆలోచించండి.

ఇది మనకి ఎలా వచ్చింది

కొంచెం చరిత్ర తెలిసుండాలి, లేకపోతే కమిటీ మీటింగ్‌లో "మన చర్చిలో కులం ఎక్కడుందండీ" అని ఒక పెద్దాయన లేవగానే మీ దగ్గర జవాబు ఉండదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ దిగింది మన విశాఖపట్నంలోనే, తెలుగు బైబిలు అనువాదం పని ఇక్కడే ఊపందుకుంది, వాళ్లకి తోడుగా కూర్చుని పని చేసింది ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి. ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయాక 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంటే మొదట్లో ఒక్కొక్కరుగా వచ్చారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి పల్లెలకి పల్లెలే వచ్చాయి, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్లు. అంతకుముందు పై కులాల వాళ్లు ఆయనతో వీళ్లని చేర్చుకుంటే మేం రామని చెప్పారట, అప్పుడు ఆయనా ఆయన భార్యా ఎవరి బైబిలు వాళ్లు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరే వచ్చిందని చెప్తారు, "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అనే చోటు. ఆయన వాళ్లనే చేర్చుకున్నాడు. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాల కుటుంబాలు ఎక్కువ. అలా మిషన్ ఏ పేటలోకి వెళ్తే అక్కడ ఆ కులం చర్చి తయారైంది, అది ఎవరో కుట్ర చేసింది కాదు, కానీ అలాగే గట్టిపడిపోయింది.

మన వైజాగ్ ప్రత్యేకత ఏంటంటే పోర్టు, రైల్వే, నేవీ, స్టీల్ ప్లాంట్ వచ్చాక అన్ని జిల్లాల వాళ్లూ ఇక్కడికొచ్చి దగ్గర్లో ఏ చర్చి ఉంటే దాంట్లో చేరారు, ఊళ్లో వేర్వేరు చర్చిల వాళ్లు ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మాల, మాదిగ, రెల్లి, జాలరి, కాపు, రెడ్డి, కమ్మ, ఏజెన్సీ నుంచి చదువుకోడానికొచ్చిన ఆదివాసీ పిల్లలు, నేవీలో పనిచేసే మలయాళీలు, ఈశాన్య రాష్ట్రాల వాళ్లు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివే ఆఫ్రికా దేశాల స్టూడెంట్లు. బెంచీ కలిసింది, మిగతాది కలవలేదు.

కులం లెక్క రాయొద్దు, పనుల లెక్క రాయండి

చాలామంది చేసే మొదటి పని ఎవరెవరు ఏంటో లిస్టు తీయడం. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఇచ్చారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు, మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైన వాళ్లకి బీసీ సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు. అందుకే సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకొకటి ఉన్న కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉంటాయి, వాళ్ల ఉద్యోగం, పిల్లల సీటు ఆ కాగితం మీద ఆధారపడి ఉంటాయి. మీరు మంచి మనసుతోనే రాసిన రిజిస్టరు రేపు ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలీదు.

దానికి బదులు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ముగ్గురు కూర్చోండి, ఒక స్త్రీల సమాజం ఆవిడ, ఒక యూత్ కుర్రాడు, కమిటీలో ఎప్పుడూ లేని ఒకరు. గత రెండేళ్లలో ముందు నిలబడి వాక్యం చదివింది ఎవరు, ప్రార్థన చేసింది ఎవరు, కానుక లెక్కపెట్టింది ఎవరు, చెక్కు మీద సంతకం ఎవరిది, బాత్రూమ్ కడిగింది ఎవరు, గృహ కూడికలు ఎవరెవరి ఇళ్లలో జరిగాయి, పాస్టర్ గారు భోంచేసింది ఎవరెవరి ఇళ్లలో. ప్రోగ్రాం కాగితాలు, క్యాష్ బుక్, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు చాలు. ఫొటోలే అన్నిటికన్నా బాగా చెప్తాయి, క్రిస్మస్ స్టేజీ మీద ఏ ఏడాది ఫొటో తీసినా అవే ఆరుగురు మొహాలు, వెనకాల కుళాయి దగ్గర కూర్చుని గుండిగలు తోముతున్న చేతులు కూడా ఏ ఏడాదికా ఏడాది అవే, కాకపోతే ఆ ఫొటో గ్రూపులో ఎవరూ పెట్టరు, ఏదో సెల్ఫీలో మూల ఇరుక్కుని కనపడుతుంది. పేర్లు రాస్తే చాలు, ఎవరు ఏంటో రాయక్కర్లేదు, చూసేవాళ్లకి అర్థమైపోతుంది.

ఆ నోట్‌బుక్కు ముందు పాస్టర్ గారికి చూపించండి, విడిగా, ఆయన ఇంట్లో, టీ తాగుతూ. అందరి ముందూ చూపిస్తే ఆయన సంఘాన్ని వెనకేసుకు రావాల్సొస్తుంది, అప్పుడు పని మొదలవకుండానే ముగుస్తుంది.

కొత్తవాళ్లని అడిగే ప్రశ్నలు

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. కొత్త కుటుంబం వచ్చిందంటే ఎవరో ఒక ఆంటీ వెళ్లి "వందనాలమ్మా, మీ ఇంటిపేరు ఏంటి?" అంటారు. చెప్తే "ఏ జిల్లా?" చెప్తే "ఊళ్లో ఎక్కడ, సెంటర్లోనా పేటలోనా?" అంతే, మూడు ప్రశ్నల్లో తేలిపోయింది, ఆ తర్వాత ఆవిడ నవ్వు కొంచెం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, వచ్చినవాళ్లకి అది తెలియకుండా ఉండదు, జీవితమంతా ఆ నవ్వు చూసినవాళ్లే కదా. ఆహ్వానించే టీముకి గట్టిగా చెప్పండి: ఎక్కడ ఉంటున్నారు, రావడానికి బస్సు దొరికిందా, పిల్లలు ఏ క్లాసు, ప్రార్థన అవసరాలు ఏమన్నా ఉన్నాయా, ఇవి చాలు. రెండోది, రిజిస్టరులో ఇంటిపేరు పూర్తిగా కావాలా అని ఆలోచించండి, పేరు, ఫోన్ నంబరు, వీధి ఉంటే సరిపోదా.

గిన్నెల దగ్గర

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా. అంతియొకయలో పేతురు చేసిన పని గుర్తుందా, అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటూ ఉన్నాడు, యెరూషలేము సంఘం పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే వెనక్కి జరిగి వేరుగా కూర్చున్నాడు, పౌలు అందరి ముందే నిలదీశాడు, గలతీ 2లో ఉంది. పేతురు సిద్ధాంతం ఏమీ మార్చలేదు, కూర్చునే చోటు మార్చాడంతే, పౌలుకి అదే సువార్తకి అడ్డం అనిపించింది.

మన దగ్గర ప్రేమ విందు అంటే రెండు రకాలు. ఒకటి ఎవరింట్లోంచి వాళ్లు వండుకొచ్చి అందరూ పంచుకోవడం. వినడానికి బాగుంటుంది గానీ అందులోనే పెద్ద దెబ్బ ఉంది, చివర్లో ఎవరి గిన్నె ఖాళీ అయింది ఎవరి గిన్నె నిండుగా మిగిలింది చూడండి. తెల్లారుజామునే లేచి పులిహోర చేసి స్టీలు డబ్బాలో తెచ్చిన ఆవిడ, పైన ఒక మూల మాత్రమే గరిటె పడిన డబ్బాకి మూత పెట్టి, చీర కొంగు కప్పుకుని గబగబా ఆటో ఎక్కేస్తుంది. "ఆవిడ ఎందుకో విందుకి ఆగట్లేదండీ" అని మనం అనుకుంటాం.

అందుకని కనీసం ఒక రెండేళ్లు ఆ పద్ధతి ఆపేసి ఒకే చోట వండించండి, సంఘం డబ్బుతో సరుకులు కొని, చర్చి ఆవరణలోనే. వంట టీము చీటీలు తీసి వేయండి, ఎవరి పేరు వస్తే వాళ్లు, డాక్టరు గారైనా ఉల్లిపాయలు తరగాల్సిందే. గిన్నెలు తోమే టీముకి కూడా చీటీయే, ఇక్కడ మాత్రం కమిటీ వాళ్లు మొదటి నెల చీటీ లేకుండా స్వయంగా కూర్చోవాలి, ఫొటోలు తీయకుండా. వడ్డించే గరిటె ఎవరి చేతికి ఇస్తున్నారనేది ఇంకా ముఖ్యం, ఇన్నాళ్లూ గిన్నెలు తోమిన ఆవిడ చేత బిర్యానీ వడ్డించండి, ప్లేటు పట్టుకుని పక్క లైన్లోకి జరిగేదెవరో తెలిసిపోతుంది. జరిగినవాళ్లని అక్కడే ఏమీ అనకండి, తర్వాత పాస్టర్ గారు వెళ్లి విడిగా మాట్లాడాలి.

పెద్దకూర (గొడ్డు మాంసం) సంగతి: కొందరు తింటారు కొందరు తినరు, విందులో చికెన్ పెట్టండి, గొడవ లేదు, కానీ తినేవాళ్ల మీద జోకులు వేయడం ఆపాలి, ఆ జోకు కూర మీద కాదని అందరికీ తెలుసు.

"కొంతమందికి ఇబ్బందిగా ఉందండీ, ఈసారికి వేరుగా పెడదాం" అనే మాట వస్తుంది, కచ్చితంగా వస్తుంది. అప్పుడు దక్షిణాఫ్రికా సంగతి చెప్పండి. అక్కడ డచ్ రిఫార్మ్‌డ్ చర్చి 1857 సినడ్‌లో, అంటే సంఘాల పెద్ద సభలో, సరిగ్గా ఇదే మాట రాసుకుంది, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఆరాధించడమే మంచిది, వాక్యానుసారం కూడా, కాకపోతే కొందరి బలహీనత వల్ల వేరుగా జరుపుకోవచ్చు అని. ఆ "కాకపోతే" 1881 నాటికి వేరే చర్చి అయింది, తర్వాత అపార్థైడ్‌కి, అంటే రంగుని బట్టి మనుషుల్ని వేరు పెట్టిన ప్రభుత్వ పద్ధతికి, బైబిలు సాకు అయింది, అది తప్పని ఆ వేరు చేయబడ్డ చర్చి వాళ్లే 1982లో బెల్హార్ అనే చోట కూర్చుని విశ్వాస ప్రకటన రాశారు. ఒక సౌకర్యం కోసం వేసిన అడుగు వెనక్కి తీసుకోడానికి నూట పాతికేళ్లు పట్టింది.

వాళ్ల ఇంటికి వెళ్లండి

హాల్లో మీటింగు పెట్టి "మీకేమైనా బాధలుంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, చెప్పినా "ఏం లేదండి, దేవుని దయ" అంటారు. ఇద్దరేసి వెళ్లండి, ముందు ఫోన్ చేసి, రెల్లి వీధి అయినా జాలరిపేట అయినా కొండ మీద రేకుల ఇల్లయినా. ఏది పెడితే అది తినండి. "మా ఇంటికాడ టీ తాగుతారేటండీ?" అని ఎవరైనా అడిగారంటే ఆ ప్రశ్న వెనకాల చాలా ఉంది, గ్లాసు తీసుకుని తాగడమే జవాబు, ఇప్పుడే తాగొచ్చామని మాత్రం అనకండి. "బాధపడ్డారా" అని అడక్కండి, "స్త్రీల సమాజానికి ఎందుకు రావడం మానేశారు", "అబ్బాయి క్వైర్‌లోంచి ఎందుకు తప్పుకున్నాడు" అని ఒక్క విషయం పట్టుకుని అడగండి. విన్నది గ్రూపులో పెట్టకూడదు, సాక్ష్యంలో వాడకూడదు, ప్రసంగంలో ఉదాహరణగా అసలు వాడకూడదు.

తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో తెల్లదొరల మిషనరీల మొహం మీదే అన్నారు, మీరు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. ఇప్పుడు ఆ మాట అనాల్సినవాళ్లు మన వెనక బెంచీలో ఉన్నారు. క్రిస్మస్‌కి దుప్పటి పంచడం వేరు, మామూలు మంగళవారం వాళ్లింట్లో కూర్చోవడం వేరు.

సంతకం, తాళం చెవులు

అపొస్తలుల కార్యములు 6 మళ్లీ చదవండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ భోజనంలో అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. అపొస్తలులు ప్రసంగం చేయలేదు, ఏడుగుర్ని పెట్టి పంపకం మొత్తం వాళ్ల చేతికిచ్చారు, ఆ పేర్లు చూడండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల వైపు వాళ్లకే తాళం ఇచ్చేశారు.

మన కమిటీల్లో "వాళ్లలోంచి కూడా ఒకర్ని పెట్టాం కదా" అంటారు, ఆ ఒక్కరు మీటింగులో బిస్కెట్లు పంచుతూ ఉంటారు. ఒక్కర్ని పెట్టకండి, పెడితే ఇద్దరు ముగ్గురు, అందులో ఒకరు ట్రెజరర్ లేదా చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు అయ్యుండాలి. రెండు సార్లు వరసగా చేసినవాళ్లు ఒక టర్ము పక్కన కూర్చోవాలని బైలాలో రాయించండి, సొసైటీగా రిజిస్టర్ అయిన సంఘమైతే జనరల్ బాడీలో తీర్మానం చేసి పద్ధతి ప్రకారం మార్చండి, నోటి మాట మీద వదలొద్దు. ఎలక్షన్ వచ్చిందంటే కులాల ప్యానెళ్లు దిగే సంఘాలున్నాయి, అలాంటి చోట అర్హత ఉన్నవాళ్ల పేర్లు రాసి ప్రార్థన చేసి చీటీ తీయడం మంచిదని నా అభిప్రాయం, యూదా స్థానంలో మత్తీయని అలాగే ఎన్నుకున్నారు, ఎవరికి ఎవరూ రుణపడరు, ఎవరూ రాత్రిళ్లు ఇళ్లు తిరగరు.

రంగు

ఏప్రిల్, మే వీబీఎస్‌లో (వేసవి సెలవుల బైబిలు బడిలో) పిల్లలకి రంగుల పుస్తకం చెప్తాం, నల్ల పేజీ పాపం, ఎర్ర పేజీ రక్తం, తెల్ల పేజీ శుద్ధ హృదయం. ఒక్కసారి ఆ క్లాసులో నల్లగా ఉన్న పాప పక్కన కూర్చుని వినండి. పక్కవాడు నల్ల పేజీ తిప్పగానే ఆ పాప వైపు చూపిస్తాడు, అందరూ నవ్వుతారు, టీచరు "ష్" అంటుంది అంతే. ఆ పేజీని మురికి గుడ్డ బొమ్మతోనో చీకటి గది బొమ్మతోనో మార్చుకోండి, సువార్తకి ఏ లోటూ రాదు. దాంతోపాటు సంఖ్యాకాండము 12 చెప్పండి, మోషే కూషు దేశపు (ఆఫ్రికా వైపు నల్లవాళ్ల దేశం) స్త్రీని చేసుకున్నాడని మిర్యాము, అహరోను విరోధంగా మాట్లాడారు, దేవుడు ఊరుకోలేదు, మిర్యాము ఒళ్లు మంచులా తెల్లబడిపోయింది కుష్ఠుతో. ఈ కథ మన సండే స్కూల్‌లో ఎందుకు చెప్పరో నాకిప్పటికీ అర్థం కాదు. అంతియొకయ సంఘంలోని ప్రవక్తలు, బోధకుల్లో నీగెరనబడిన సుమెయోను ఉన్నాడు, నీగెరు అంటే నలుపే.

ఆఫ్రికా స్టూడెంట్లు, ఈశాన్యం నుంచి వచ్చిన పిల్లలు వస్తే ఇంగ్లీషు సర్వీసు అటు అని చెయ్యి చూపించి వదిలేయకండి, నెలకోసారైనా తెలుగు సర్వీసులో వాళ్ల చేత వాళ్ల భాషలో ఒక పాట పాడించండి, పండక్కి ఇళ్లకి పిలవండి, అద్దె ఇల్లు దొరక్క తిరుగుతుంటే సంఘంలో ఇళ్లున్న వాళ్లతో మాట్లాడండి. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిల్ని మాత్రం "ఇంట్లో పనికి ఎవరైనా దొరుకుతారా అమ్మా" అని అడగడం ఈ రోజే ఆగిపోవాలి.

పెళ్లి, సమాధి

సంఘం వాట్సాప్ గ్రూపులో బయోడేటాలు వస్తాయి కదా, "రెడ్డి క్రిస్టియన్", "కాపు క్రిస్టియన్ మాత్రమే" అని. అడ్మిన్ ఆ లైన్ ఉంటే పోస్టు తీసేయాలి, గొడవ పడక్కర్లేదు, అందరికీ ఒకే రూలు. సంఘంలోనే వేరే కులాల పిల్లలు ఇష్టపడ్డారంటే పెద్దలు ఇద్దరు చొప్పున రెండు ఇళ్లకీ వెళ్లాలి, "మీ ఇష్టం అండీ, మాకెందుకు" అని జారుకోకూడదు, ఆ మాట బలమున్న ఇంటి వైపే మొగ్గుతుంది. సమాధుల తోటలో ఫలానా వరస ఫలానా కుటుంబాలది అనే అలవాటు ఉంటే ఇక మీదట తేదీ వరసలో స్థలం ఇస్తామని తీర్మానం చేయండి. ఇది శవం ఇంట్లో ఉన్న రోజు తేల్చే విషయం కాదు, ముందే చేసుకోవాలి.

క్షమాపణ

అమెరికాలో సదరన్ బాప్టిస్టులు బానిసత్వాన్ని సమర్థించుకుంటూ 1845లో వేరుపడ్డారు, 1995లో తీర్మానం చేసి క్షమాపణ అడిగారు. మంచిదే, కానీ మన సంఘంలో తీర్మానం కన్నా ముందు ఒక్కో మనిషికి ఒక్కో మాట బాకీ ఉంటుంది. మత్తయి 5 ప్రకారం కానుక బలిపీఠం దగ్గర వదిలి వెళ్లాల్సింది తప్పు చేసినవాడే. ఏం చేశామో పేరు పెట్టి చెప్పాలి, "తెలిసీ తెలియక ఏమన్నా నొప్పించి ఉంటే" అనడం క్షమాపణ కాదు. స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పి కాళ్లు కడిగి వీడియో తీయడం వద్దే వద్దు, అందరి ముందు "క్షమించేశానండి" అనకుండా ఎవరుంటారు చెప్పండి. క్షమిస్తారో లేదో, ఎప్పుడో, అది వాళ్ల చేతిలోది. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఉత్త క్షమాపణతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, కాబట్టి తీసేసిన సభ్యత్వం ఉంటే తిరిగి రాయండి, లాక్కున్న పదవి ఉంటే తిరిగివ్వండి, క్వైర్‌లోంచి పంపేసిన అబ్బాయికి కీబోర్డు మళ్లీ అప్పజెప్పండి.

నిజంగా దూషణ, కొట్టడం లాంటిది జరిగితే "సంఘంలోనే తేల్చుకుందాం" అని బాధితుల మీద ఒత్తిడి పెట్టొద్దు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం మతం మారిన ఎస్సీలకి వర్తిస్తుందా అనేది కోర్టుల్లో పెద్ద చిక్కు, 2025లో మన హైకోర్టు వర్తించదనే చెప్పింది, అందుకని వాళ్లని ముందు మంచి లాయరు దగ్గరికి తీసుకెళ్లండి, ఫీజు సంఘం కడితే ఇంకా మంచిది.

ఇవన్నీ డిసెంబర్‌లో మొదలెట్టకండి, ఎవరికీ తీరిక ఉండదు, కమిటీ ఎలక్షన్ ముందు అసలే వద్దు, ప్రతిదీ రాజకీయం అయిపోతుంది. ఈస్టర్ అయ్యాక నోట్‌బుక్కుతో మొదలుపెడితే క్రిస్మస్ విందుకి వంట చీటీలు సిద్ధంగా ఉంటాయి. మధ్యలో ఎక్కువ చందా ఇచ్చే ఒకటి రెండు కుటుంబాలు వెళ్లిపోతామంటాయి. అప్పుడు ట్రెజరర్ గారు కంగారు పడతారు కాబట్టి ముందుగానే ఆయనతో కూర్చుని, ఆ చందా లేకపోతే ఏ ఖర్చు తగ్గించాలో, సౌండ్ సిస్టమ్ వాయిదా వేయాలా, కన్వెన్షన్ మూడు రాత్రుల బదులు ఒక్క రాత్రి పెట్టాలా, కాగితం మీద రాసి పెట్టుకోండి. వెళ్లిన వాళ్ల ఇంటికి పాస్టర్ గారు నెలకోసారి వెళ్తూనే ఉండాలి, కానీ తీర్మానం మాత్రం వెనక్కి తీసుకోకూడదు.